గోడ మీద సంతకం

పోర్ట్ బ్లెయిర్‌లో విమానం దిగేవారిని మొదట పలకరించేది రాజకీయమే. 2002లో విమానాశ్రయానికి సావర్కర్ పేరు పెట్టారు. 2023 జూలై 18న, గవ్వ ఆకారంలో సుమారు 710 కోట్ల రూపాయలతో కట్టిన కొత్త టెర్మినల్‌ను ప్రధాని ప్రారంభించారు. 2024లో ఊరి పేరే శ్రీ విజయపురమైంది.

పేర్ల రాజకీయాన్ని ఏళ్ల తరబడి రాస్తున్న నన్ను ఒక ప్రశ్న వదలదు: ద్వీపవాసి చేతిముద్రకు ఇక్కడ చోటెంత? గవ్వలను కళాఖండాలుగా మలిచేవారు, ఇంటికి కాపుగా కొయ్యబొమ్మలు చెక్కే నికోబారీలు, ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వెళ్లిన మనవారి సంతతి, అందరూ ఈ నేల మనుషులే. గవ్వ ఆకారాన్ని గౌరవించిన ప్రభుత్వం గవ్వను మలిచే చేతినీ గౌరవించాలి. ప్రయాణికులు వేచి ఉండే చోట ఒక గోడ, కళాకారుడి పేరుతో ఒక పలక, పనికి తగిన ప్రతిఫలం. అడుగుతున్నది ఇంతే.

పాలకులు పెట్టిన పేర్లను పాలకులే మార్చగలరు. ఊరివాళ్లు గీసుకున్న బొమ్మకు ఊరే కాపలా కాస్తుంది.