తొమ్మిది బస్తాల డబ్బా

సైన్సు చదివేవాడికి ఇంట్లోవాళ్ళు ఒప్పజెప్పే పనులు మూడు: ఫ్యూజు వేయడం, మోటారు స్టార్టరు చూడడం, టీవీ బాగుచేయడం. పోయిన సెలవుల్లో నాకు నాలుగోది తగిలింది. నాన్న పెళ్ళినాటి స్టీరియో ఆంప్లిఫైయరూ, రెండు చెక్క స్పీకర్లూ ఇంకా నిక్షేపంలా ఉన్నాయి. కానీ కొత్త టీవీతో వాటికి మాట కలవదు. ఆంప్లిఫైయరుకు ఉన్నవి ఎర్ర, తెల్ల పిన్నుల రంధ్రాలు. టీవీ వెనక పనికొచ్చేది ఆప్టికల్ రంధ్రం ఒక్కటే. మధ్యలో దుబాసీ కావాలి. అదే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టరు, పొట్టిగా డాక్.

"ఏది మంచిదో నువ్వే చూడరా, ధర చెప్పు చాలు" అన్నాడు నాన్న. ఆ 'చాలు' దగ్గరే వచ్చింది చిక్కంతా.

హాస్టల్లో సంగీతప్రియుడైన మిత్రుడొకడు 32 బిట్లు, 768 కిలోహెర్ట్జులంటూ ఒక డబ్బా చూపించాడు. పదహారు వేలు! 2025-26లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాల్లో లెక్కవేస్తే తొమ్మిది బస్తాలు. వాటికోసం ఎన్ని రాత్రులు నీళ్ళకు కాపలా కాయాలో అతనికి తెలియదు, అది అతని తప్పూ కాదు.

సరే, అంకెల సంగతి తేల్చుకుందామని కూర్చున్నా. 1982లో సోనీ, ఫిలిప్స్ తెచ్చిన కాంపాక్ట్ డిస్కుకు ఉన్నవి 16 బిట్లే. అంటే ధ్వనిని 65,536 మెట్లలో కొలవడం. దాంతో 96 డెసిబెల్స్ వ్యత్యాసం పట్టుబడుతుంది. సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది గనుక 22,050 హెర్ట్జుల దాకా తిరిగి రాబట్టవచ్చు. మన చెవేమో 20,000 దగ్గరే ఆగిపోతుంది, నాన్న వయసుకు ఇంకా కిందనే. తమాషా ఏమిటంటే, ఫిలిప్స్ తొలి ప్లేయరులో డాక్ 14 బిట్లదే! నాలుగు రెట్ల వేగంతో నడిపి ఆ కొరత తీర్చారు. ఇక 32 బిట్లంటారా, ఆ అడుగు మెట్లన్నీ సర్క్యూట్లో ఉష్ణం వల్ల పుట్టే రొదలోనే మునిగిపోతాయి. వడ్లు తూచే కాటా మిల్లీగ్రాములు చూపించినట్టు! పైగా నాన్న వినేది ఘంటసాల. ఆయన 1974లోనే పోయారు. ఆనాటి టేపుల్లోని బుస 16 బిట్ల చివరి మెట్టుకంటే ఎంతో ఎత్తున ఉంటుంది.

నేను చూసుకున్నవి వేరే. ఆప్టికల్ తీగలో కరెంటు నడవదు, వెలుతురే నడుస్తుంది. ఎర్తింగు సరిగాలేని మా ఇంట్లో, ఛార్జరు పెట్టిన లాప్‌టాప్‌ను తగిలించగానే స్పీకర్లలో లేచే 'గుర్ర్' ఆ దారిన రాలేదు. ఔట్‌పుట్ సీడీ ప్లేయర్లలాగా సుమారు 2 వోల్టులుంటే ఆంప్లిఫైయరుకు సరిపోతుంది. నచ్చకపోతే వాపసిచ్చే షరతు ఉండాలి. ఇవన్నీ ఉన్నది పద్దెనిమిది వందలకు దొరికింది. బస్తా ధరకి ఓ ఇరవై రూపాయలెక్కువ, అంతే.

కొనేవాళ్ళకొక మాట: టీవీ సెట్టింగుల్లో ధ్వనిని పీసీఎంకు మార్చండి. డాల్బీలో వదిలేస్తే ఇలాంటి చిన్న డాక్‌కు ఆ భాష రాదు.

మా మిత్రుడు ఇంకా ఒప్పుకోలేదు. కళ్ళకు గంతలు కట్టి రెండూ వినిపిస్తాను రమ్మన్నాను. రెండిటి వాల్యూమూ మల్టీమీటరుతో సమానం చేయాలి సుమా, ఎందుకంటే కాస్త బిగ్గరగా మోగిందే చెవికి మంచిదనిపిస్తుంది. వేసవి సెలవుల లోపు తన డబ్బా పట్టుకొస్తానన్నాడు.