ఒక్కడి గొంతు

ఏప్రిల్ 7, 2017, శుక్రవారం

హ్యారీ స్టైల్స్ తొలి సొంత పాట ‘సైన్ ఆఫ్ ద టైమ్స్’ వచ్చింది. 5 నిమిషాల 40 సెకన్లు! డాన్సు బీటు కాదు, చిటికెలు వేయించే పల్లవి కాదు. పియానోతో నింపాదిగా మొదలై మెల్లగా పైకెక్కే పాట. వన్ డైరెక్షన్ బృందంలో రెండు లైన్లు ఇతను పాడితే తర్వాతి రెండూ ఇంకొకరు అందుకునేవారు. పల్లవి అందరిదీ. ఇక్కడ పాటంతా తనే మోశాడు.

ఇన్నేళ్లుగా కోరస్ పాడుతున్నదాన్ని, అందుకే నా చెవి ముందు గొంతు మీదికే పోయింది. గుంపులో పాడేటప్పుడు మన గొంతు పక్కవాళ్ల గొంతులో కలిసిపోవాలి. జీర ఉంటే అణచుకోవాలి. ఇతను పై స్థాయిలో ఫాల్స్ వాయిస్‌లోకి వెళ్లి, చివరికొచ్చేసరికి ఆ జీరతోనే గొంతెత్తి అరిచాడు. నాకు ఒళ్లు జలదరించింది.

ఏప్రిల్ 14

బ్రిటన్‌లో పాట మొదటి స్థానానికి చేరింది. జనవరి నుంచి అక్కడే ఉన్న ఎడ్ షీరన్ ‘షేప్ ఆఫ్ యూ’ పక్కకు జరిగింది.

ఏప్రిల్ 19

రోలింగ్ స్టోన్ పత్రికలో కామెరాన్ క్రో రాసిన వ్యాసం చదివాను. ఆ పాట ఒక తల్లి మాటలట. బిడ్డ బాగానే ఉంది, నువ్వు మాత్రం బతకవని చెబితే, మిగిలిన ఐదు నిమిషాల్లో ఆమె బిడ్డకు చెప్పుకునే ధైర్యం. తెలిశాక మళ్లీ విన్నాను. ఆ అరుపు ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

రాబోయే అతని ఆల్బమ్‌లో చాలా భాగం జమైకాలోని పోర్ట్ ఆంటోనియోలో చేశారు. నిర్మాత జెఫ్ భాస్కర్. గిటార్ వాయించిన మిచ్ రోలండ్ అప్పటిదాకా పిజ్జా షాపులో పనిచేసేవాడట. పేరున్నవాళ్లను పోగేసుకోకుండా, ఒకే చోట కూర్చుని కలిసి పాటలు కట్టుకున్నారు. ఆ పద్ధతి నాకెంతో నచ్చింది.

మే 12, శుక్రవారం

ఆల్బమ్ వచ్చింది. పది పాటలు. పేరు అతని పేరే. అట్ట మీద మాత్రం ముఖం లేదు, నీళ్లలో వెనుతిరిగి కూర్చున్నాడు. ముఖం చూపిస్తే చాలు అమ్ముడుపోయే మనిషి!

‘కివీ’ హోరు నాకు ఎక్కలేదు. ‘వుమన్’ వింటే ఎల్టన్ జాన్ గుర్తొస్తాడు. 1970ల రాక్ వాసన ఆల్బమంతా ఉంది, దాన్ని తప్పుపట్టను. ఇరవై మూడేళ్లవాడు తనకిష్టమైనవాళ్ల వైపే నడుస్తాడు. కానీ ‘ఫ్రమ్ ద డైనింగ్ టేబుల్’ ఎవరి నీడా పడని పాట. గిటారు, మైకుకి దగ్గరగా సన్నని గొంతు. ఊపిరి తీయడం కూడా వినిపిస్తుంది. రికార్డింగుల్లో ఆ ఊపిరి చప్పుళ్లను ఏరి తీసేయడం చూస్తుంటాను. ఉంచేయడమే సరైన పని.

2010లో పదహారేళ్ల పిల్లవాడు ఎక్స్ ఫ్యాక్టర్ పాటల పోటీకి ఒంటరిగానే పాడటానికి వచ్చాడు. ఆ పోటీవాళ్లే ఇంకో నలుగురితో కలిపి వన్ డైరెక్షన్ చేశారు. ఈ ఆల్బమ్ అతను మొదట అడిగినదే, ఏడేళ్లు ఆలస్యంగా అందింది.

మే 20

నిన్న రాత్రి లాస్ ఏంజెలెస్‌లో ట్రూబడోర్ అనే చిన్న క్లబ్బులో పాడాడు. స్టేడియాలు నింపినవాడు! స్టీవీ నిక్స్ వచ్చి ‘టూ గోస్ట్స్’లో గొంతు కలిపింది. ఆమె వయసు అరవై ఎనిమిది. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బృందంలో ఉంటూనే 1981లో తన తొలి సొంత ఆల్బమ్ తెచ్చిన మనిషి. అతని పక్కన నిలబడే హక్కు ఆమెకంటే ఎవరికుంది?

సోమవారం ప్రాక్టీసులో కోరస్ పిల్లలకు ‘సైన్ ఆఫ్ ద టైమ్స్’ చివరి భాగం వినిపించాలి. వెనక గొంతులన్నీ లేచినా ముందున్న గొంతు ఎలా నిలబడిందో వాళ్లే పట్టుకుని చెప్పాలి.