చర్మం చూసి, ఆ తర్వాతే సూది

శనివారం వస్తే పెబ్బేరు సంతలో మేకల బేరాలు పొద్దున్నే మొదలవుతాయి. వనపర్తి జిల్లాలో, హైదరాబాద్–బెంగళూరు జాతీయ రహదారి మీదున్న ఈ ఊరికి దూరాల నుంచి కూడా జీవాలను తోలుకొస్తారు. కొనేవాళ్లు పళ్లు చూస్తారు, నడుం నొక్కి కండ చూస్తారు, ఎత్తి బరువు అంచనా వేస్తారు. చెవి లోపల, తోక కింద, తొడల సందున చూసేవాళ్లు మాత్రం తక్కువ. మేకకు చర్మరోగం ఉంటే చాలాసార్లు ముందుగా బయటపడేది అక్కడే. డబ్బు చేతులు మారి, తాడు చేతులు మారి, రోగం కూడా కొత్త మందలోకి చేరిపోతుంది.

ఆ సంత నుంచి జీవాలు వెళ్లే పల్లెల్లో ఒకదానిలో పశువైద్య శిబిరం పెట్టారని తెలిసి వెళ్లాం. వానలు బాగా పట్టిన రోజులు. మంద మేతకు పోకముందే పని కావాలి కాబట్టి, తెల్లవారేసరికే పంచాయతీ ఆఫీసు ముందు వేపచెట్టు కింద బల్ల వేశారు. దాని మీద థర్మామీటరు, చేతి తొడుగులు, శస్త్రచికిత్స బ్లేడు, గాజు పలకలు, చిన్న సీసాలో ద్రావణం. పక్కనే గుడ్డ కప్పిన సూక్ష్మదర్శిని. మండల పశువైద్యురాలు దాన్ని తన వెంట జీపులో తెచ్చుకున్నారు. మందుల పెట్టె మాత్రం ఇంకా జీపులోనే ఉంది. ముందు చూడటం, తర్వాతే మందు అన్నది ఆమె పద్ధతి.

మొదట వచ్చింది డెబ్బై ఏళ్లు దాటిన ఓ అవ్వ. మూడు మేకలు, మూడింటికీ చెవులు, ముఖం, మోచేతుల దగ్గర వెంట్రుకలు రాలి, చర్మం మందంగా పొలుసులు కట్టింది. దాని మీద నల్లటి జిడ్డు. మేకలు నిలబడలేక గోడకు ఒళ్లు రుద్దుకుంటున్నాయి.

"ఏం రాసినవ్ అవ్వా?"

"బండి ఆయిలు, డాక్టరమ్మా. గజ్జికి మంచిదన్నరు."

డాక్టరమ్మ కోప్పడలేదు. సబ్బునీళ్లు తెప్పించి ముందు ఆ నూనె కడిగించారు. వాడేసిన ఇంజిన్ ఆయిలు పూస్తే పొలుసు మెత్తబడి కొంత నయమైనట్టు కనిపిస్తుంది. కానీ అందులోని విషపదార్థాలు పుండుపడిన చర్మం గుండా లోపలికి పోతాయి, మేక నాకితే కడుపులోకి పోతాయి. పల్లెల్లో ఈ అలవాటు ఎంత పాతుకుపోయిందో అవ్వ వెనక వరసలో ఉన్న మేకల ఒళ్లు చూస్తేనే తెలిసింది.

తర్వాత ఆమె చేసిన పని చిన్నదే, కానీ శిబిరం మొత్తానికి అదే ప్రాణం. పొలుసు నడిమధ్య కాకుండా, రోగం కొత్తగా పాకుతున్న అంచు దగ్గర బ్లేడుతో గీకారు. రక్తం సన్నగా చెమ్మగిల్లేదాకా గీకాలి, ఎందుకంటే గజ్జి పురుగు చర్మంలో సొరంగాలు తవ్వుకుని లోతుగా ఉంటుంది. గీకిన పొట్టును గాజు పలక మీద పెట్టి, పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కొద్దిగా వేడి చేసి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. గుండ్రటి ఒళ్లు, పొట్టి కాళ్లు. సార్కోప్టిస్ అనే పురుగు. పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. అవ్వను పిలిచి చూపించారు. కన్ను ఆనించి అవ్వ చాలాసేపు చూసింది. "గింత పురుగా నా మేకను తింటున్నది!" అంది. ఆ ఒక్క చూపు పది ఉపన్యాసాల కంటే ఎక్కువ పని చేసిందని నా నమ్మకం. మందు ఎందుకు రెండోసారి వేయించాలో ఆ తర్వాత ఆమెకు వివరించాల్సిన పనే లేకపోయింది.

రెండోసారి ఎందుకంటే, ఐవర్‌మెక్టిన్ సూది బతికున్న పురుగును చంపుతుంది కానీ గుడ్డును చంపదు. గుడ్లు పొదిగి పిల్లలు బయటికొస్తాయి, అవి పెరిగి మళ్లీ గుడ్లు పెట్టకముందే, అంటే పది నుంచి పద్నాలుగు రోజుల్లో, ఇంకో సూది పడాలి. సాధారణంగా కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు లెక్క. మామూలుగా దొరికే ఒక శాతం మందయితే పాతిక కిలోల మేకకు అర మిల్లీలీటరు, అదీ చర్మం కింద. శిబిరంలో సహాయకుడు ప్రతి మేకనూ వేలాడే కాటాకు తగిలించి తూచాడు. కంటి అంచనాతో వేస్తే డోసు తగ్గుతుంది, తగ్గిన డోసు పురుగును చంపకుండా మందుకు అలవాటు చేస్తుంది. ఒళ్లంతా నున్నగా ఉన్న మేకలకూ వేయాలి, లేకపోతే వాటి నుంచే మళ్లీ మొదలవుతుంది. పాలు, మాంసం ఎన్నాళ్లు వాడకూడదో సీసా మీద రాసి ఉంటుంది. ఆ గడువు పాటించమని ఆమె ప్రతి ఒక్కరికీ చెప్పారు.

ఇబ్బంది ఏమిటంటే, ఈ సూది గజ్జికి బాగా పనిచేస్తుందని అందరికీ తెలిసిపోయింది. చర్మం మీద ఏది కనిపించినా మందుల దుకాణంలో అదే అడిగి, తామే పొడుస్తున్నారు.

ఇరవై ఐదేళ్ల కుర్రాడొకడు చంకలో పిల్లమేకను, వెనక మరో నాలుగింటిని తెచ్చాడు. పిల్లల పెదవుల అంచున, మూతి మూలల్లో గోధుమరంగు పెచ్చులు, కదిపితే నెత్తురు. రెండుసార్లు సూది వేశానని, తగ్గలేదని చెప్పాడు. డాక్టరమ్మ తొడుగులు వేసుకునే వరకు ఆ పిల్లను ముట్టుకోలేదు. ఇది పల్లెల్లో మూతిపుండ్లు అనే జబ్బు, పారాపాక్స్ వైరస్ వల్ల వస్తుంది. పురుగును చంపే సూదికి వైరస్ లొంగదు. తుమ్మ ముల్లో, గరుకు మేతో పెదవిని చీరితే ఆ చీలికలోంచి వైరస్ దూరుతుంది. ఉపద్రవాలు లేకపోతే మూడు నాలుగు వారాల్లో దానంతటదే మానుతుంది. పిల్లలు చచ్చేది వైరస్ వల్ల కంటే ఆకలి వల్ల. మూతి నొప్పికి పాలు తాగవు. తాగినవి తల్లి పొదుగుకు అంటిస్తాయి, తల్లి నొప్పికి తన్నుతుంది, పొదుగువాపు వస్తుంది, పిల్ల ఇంకా ఎండిపోతుంది.

అందుకే ఇక్కడ వైద్యమంటే తినిపించడమే. లేత గడ్డి, గంజి, అవసరమైతే పాలు పితికి సీసాతో పట్టడం. పుండ్లను పలచటి పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతో తుడిచి బోరో గ్లిజరిన్ పూయాలి. పెచ్చులు పీకకూడదు. రాలిన పెచ్చుల్లో వైరస్ పొడి నేల మీద నెలల తరబడి బతుకుతుంది కాబట్టి వాటిని ఏరి కాల్చాలి. పుండు మీద సూక్ష్మజీవులు చేరి చీము పడితేనే యాంటీబయాటిక్.

కుర్రాడు వెళ్లబోతుంటే ఆమె అతని కుడి బొటనవేలు పట్టుకుని చూశారు. దాని మీద ఎర్రటి అంచుతో బుడిపె లాంటి పుండు. ముల్లు గుచ్చుకుందనుకున్నాడట. ఈ జబ్బు మనిషికి అంటుతుంది. మామూలుగా కొన్ని వారాల్లో మానుతుంది, కానీ కోసి చీము తీయబోతే ముదురుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, మేకలకు మూతిపుండ్లున్నాయని చెప్పి మరీ చూపించుకోమన్నారు. ఆ మాట చెప్పకపోతే అక్కడి డాక్టరుకు తట్టకపోవచ్చు.

మూతి మీద పెచ్చులన్నీ ఇదే జబ్బు అనుకోవడమూ ప్రమాదమే. పిల్లల మలద్వారంలో థర్మామీటరు పెట్టి చూశారు, 103 డిగ్రీల లోపే ఉంది. అదే 105 దాటి, కళ్లలోంచి ముక్కులోంచి చీమిడి కారుతూ, పారుతూ ఉంటే పీపీఆర్ అని అనుమానించాలి. పారుడు రోగమని కాపరులు అనేది దాన్నే. 1987లో తమిళనాడులోని అరసూరులో మొదటిసారి గుర్తించినప్పటి నుంచి దేశమంతా మందల్ని ఊడ్చిన జబ్బు అది. చర్మం జబ్బు కాకపోయినా పెదవి మీద పెచ్చు కడుతుంది. మూతి చూసి ఊరుకోకుండా తోక కూడా ఎత్తి చూడాలనేది అందుకే.

తోక ఎత్తితే ఇంకొకటి కూడా తెలుస్తుంది. మేకల మశూచి బొబ్బలు వెంట్రుకలు తక్కువున్న చోట్లనే లేస్తాయి. తోక కింద, తొడల లోపల, పొదుగు మీద, చెవులకు, ముఖానికి. ముందు జ్వరం, తర్వాత ఎర్రటి మచ్చలు, అవి గట్టి బొబ్బలవుతాయి, చివరికి పెచ్చులవుతాయి. ఆ రోజు శిబిరానికి అలాంటి మేక రాలేదు. ఫోనులో బొమ్మలు చూపిస్తుంటే ఓ ముసలి కాపరి గుర్తుపట్టి, "అమ్మ పోసినప్పుడు మా నాయిన మందను ఊళ్లకు రానిచ్చేటోడు కాదు" అన్నాడు. ఆ కట్టుబాటు శాస్త్రానికి సరిగ్గా సరిపోయింది. పెచ్చుల్లోని వైరస్ నీడ ఉన్న కొట్టంలో నెలల పాటు నిలుస్తుంది. వచ్చాక తగ్గించే మందు లేదు, రాకుండా ఆపే టీకా ఉంది. ఉత్తరకాశీ రకం వైరస్‌ను బలహీనపరిచి చేసిన ఆ టీకానే 2022లో ఆవులకు లంపీ స్కిన్ వచ్చినప్పుడు దేశవ్యాప్తంగా వాడారు, రెండు వైరస్‌లూ దగ్గరి చుట్టాలు కాబట్టి. ఆవుల్ని కాపాడిన ఆ టీకా సొంత మేకకు వేయించనివాళ్లు ఇంకా ఉన్నారంటే బాధేస్తుంది.

వానల్లో మేకలకు వచ్చే మరో జబ్బు చేతికి తెలుస్తుంది. ఓ పోతు వీపు మీద చెయ్యి వేయగానే వెంట్రుకలు గుంపులుగా అంటుకుని గట్టిగా తగిలాయి. ఒక కుచ్చు లాగితే అడుగున పెచ్చుతో సహా, రంగులు వేసే కుంచెలా ఊడొచ్చింది. కింద చర్మం తడిగా, ఎర్రగా ఉంది. డెర్మటోఫైలస్ అనే బాక్టీరియా పని ఇది. రోజుల తరబడి తడిసిన చర్మమే దానికి దారి. దురద పెద్దగా ఉండదు, గజ్జి నుంచి వేరు చేసే గుర్తు అదే. పెన్సిలిన్, ఆక్సిటెట్రాసైక్లిన్ దీనికి బాగా పనిచేస్తాయి, కానీ మేకను పొడిగా ఉంచకపోతే మందు వేసీ లాభం లేదు.

తామర గురించి ఎవరూ ప్రత్యేకంగా అడగలేదు. ఓ తల్లి వెంట వచ్చిన చిన్నపిల్ల మెడ మీద గుండ్రటి మచ్చ చూసి డాక్టరమ్మే అడిగారు, ఇంట్లో మేకపిల్ల ఉందా అని. ఉంది. దాని చెవి మీద, కంటి చుట్టూ బూడిదరంగు పొట్టుతో అలాంటి మచ్చలే. ఈ బూజు మేక నుంచి మనిషికి, గుంజ నుంచి, తాడు నుంచి కూడా అంటుతుంది. మేకకు పొట్టు గీకి అయోడిన్ మందు రాయాలి, గీకిన పొట్టు కాల్చాలి, కొట్టం గోడలకు సున్నం కొట్టాలి. పాపను చర్మవైద్యుడికి చూపించాలి.

శిబిరం చివర్లో కొంచెం గొడవైంది. దవడ కింద పెద్ద గడ్డ ఉన్న మేకను తెచ్చినాయన, గడ్డ పండిందని, అక్కడే కోసెయ్యమని పట్టుబట్టాడు. ఆమె ఒప్పుకోలేదు. దవడ కింద, భుజం ముందు, అంటే లసిక గ్రంథులున్న చోట్ల వచ్చే ఇలాంటి గడ్డలు చాలావరకు ఒక బాక్టీరియా వల్ల. లోపల చిక్కటి చీము గట్టి తొడుగులో ఉంటుంది కాబట్టి యాంటీబయాటిక్ అక్కడికి సరిగా చేరదు. మంద మధ్యలో కోస్తే ఆ చీము మట్టిలో పడి, నెలల పాటు బతికి, గీరుకున్న ప్రతి చర్మంలోకీ దూరుతుంది. మేకను వేరుగా కట్టించి, మందకు దూరంగా ప్లాస్టిక్ పట్టా పరిచి, తొడుగులు వేసుకుని కోశారు. చీమును, పట్టాను కలిపి కాల్చేశారు. లోపల అయోడిన్‌తో కడిగారు. పుండు మానేదాకా మేక మందలో కలవకూడదన్నారు. ఆయన గొణిగాడు, కానీ తాడు పట్టుకుని వేరే దొడ్డికే నడిచాడు.

మధ్యాహ్నానికి మేకలు మేతకు పోయాక, అవ్వ కొట్టం చూశాం. రేకుల కింద నేల చిత్తడిగా ఉంది, పెంట రెండు జానల మందాన పేరుకుంది. మూడు మేకలూ ఒళ్లు రుద్దుకున్న గుంజ నున్నగా నిగనిగలాడుతోంది. పెంట ఎత్తి దూరంగా కుప్ప వేయడం, నేల ఎత్తు పెంచి మొరం పోయడం, గుంజలకు సున్నం కొట్టడం, ఎండ తగిలేలా ఒక పక్క రేకు విప్పడం. డాక్టరమ్మ రాసిచ్చిన చీటీలో ఇవి ముందున్నాయి, సూది తర్వాత ఉంది.

2019 పశుగణన ప్రకారం దేశంలో దాదాపు 14.9 కోట్ల మేకలున్నాయి. వాటిని పెంచుతున్నది ఎక్కువగా ఇలాంటి అవ్వలే, సన్నకారు రైతులే, కూలీలే. పెళ్లికీ, ఆసుపత్రికీ, బడి ఫీజుకూ అమ్ముకునేది ఆ మేకనే. వాళ్లకు ఖరీదైన మందులు అందలేదని కాదు మా బాధ. మందు చేతికి అందుతోంది, జబ్బు ఏదో చెప్పే చూపు అందడం లేదు. ప్రతి మండల పశువైద్యశాలలో పనిచేసే సూక్ష్మదర్శిని ఒకటి, గీకి చూసేందుకు శిక్షణ పొందిన చెయ్యి ఒకటి ఉంటే, తప్పు సూదులకు పోయే డబ్బుతోనే ఆ ఖర్చు గిడుతుంది. ప్రభుత్వాలు దీన్ని చిన్న పనిగా తీసిపారేయకూడదు.

మేకలున్నవాళ్లకు ఒక మనవి. సంతలో కొన్న మేకను మూడు వారాలు మందలో కలపకండి. కొనే ముందు చెవి, మూతి, తోక కింద చూడండి. పుండు కనిపిస్తే దుకాణానికి పోకముందు పశువైద్యశాలకు పోండి, పోలేకపోతే 1962కు ఫోన్ చేయండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ నంబరుకు డబ్బు కట్టక్కర్లేదు.