హబ్సిగూడ నుండి ఉప్పల్ దాకా

నాచారంలోని మా అమ్మాయి ఇంటి నుండి హబ్సిగూడ మెట్రో స్టేషనుకు ఆటోలో బయలుదేరాం. నా పక్కన ఇద్దరు పిల్లలు. ఒకడు ఆరేళ్ల మా మనవడు. రెండవవాడు వాళ్ల కింది వాటాలో ఉండే అబ్బాయి. వినేవారికి ఇది మామూలు సంగతే. మేము మాత్రం ఈ ఒక్క దృశ్యం కోసం ఎన్నో రాత్రులు దుఆ చేశాం.

మా మనవడికి ఆటిజం ఉందని మూడేళ్ల వయసులో తెలిసింది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాడు. తోటి పిల్లలు బంతి విసిరితే అది తనకేనని గ్రహించేవాడు కాడు. కానీ నాగోల్, ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, తార్నాక అంటూ స్టేషన్ల పేర్లు వరుస తప్పకుండా వల్లించేవాడు. 2017 నవంబరులో నాగోల్ దాకా మొదలైన ఆ మెట్రోయే వాడి లోకం. ఆ వల్లెవేతను మాన్పించాలని మేము పడని పాట్లు లేవు.

"మాన్పించకండి. ఆ రైలులోకి ఇంకొక పిల్లవాణ్ణి ఎక్కించండి" అన్నది వాడికి శిక్షణ ఇచ్చే టీచరమ్మ.

పదిమంది అక్కరలేదు, ఒక్కడు చాలు. గంటలు వద్దు, పావుగంట చాలునని కూడా ఆమే చెప్పింది. కింది వాటా అబ్బాయిని పిలిచి అట్టపెట్టెలతో రైలు కట్టాం. ఒకరు స్టేషను పేరు చెప్పాలి, మరొకరు తలుపులు తెరవాలి. తరువాత పనులు మార్చుకోవాలి. "ఇప్పుడు నీ వంతు" అన్న మాట మావాడికి ఒంటబట్టడానికి నెలలు పట్టింది. "వాడు నీ వైపు చూడకపోయినా నీ మాట వింటాడు. చెవులు మూసుకుంటే అది నీ మీద కోపం కాదు, చప్పుడు భరించలేక" అని ఆ అబ్బాయికీ చెప్పాం. పెద్దలకంటే వాడే త్వరగా అర్థం చేసుకున్నాడు. ఇద్దరిలో ఎవరూ విసుగు చెందకముందే ఆట ఆపేవాళ్లం.

హజ్రత్ అనస్ (ర) తమ్ముడు అబూ ఉమైర్‌ను దైవప్రవక్త (స) అతని చిన్న పిట్ట గురించే పలకరించేవారు. పసివాడి మనసు ఎక్కడుందో అక్కడికే ఆయన వెళ్లారు. ఈ హదీసు నుండి ఇబ్నుల్ ఖాస్ అనే పండితుడు అరవై ప్రయోజనాలు వెలికితీశారు. ఏళ్ల తరబడి విద్యార్థులకు వాటిని బోధించిన నేను, ఒకప్పుడు నా తరగతిలో ముఖం చూడకుండా జవాబు చెప్పిన ఒక పిల్లవాణ్ణి అమర్యాద అని గద్దించి బయట నిలబెట్టాను. వాడు మళ్లీ రాలేదు. ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు.

దిష్టి తగిలిందని తాయెత్తుల వెంట తిరిగే తల్లిదండ్రులు నేటికీ నా దగ్గరకు వస్తుంటారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుండి జాతీయ సంస్థ ఉందని, 2016 నాటి చట్టం ఆటిజాన్ని కూడా గుర్తించిందని వారికి చెబుతున్నాను. ఆలస్యం చేయవద్దని బతిమాలుతున్నాను.

ఆ ఆదివారం ప్రయాణానికి ముందు మా అమ్మాయి ఆటో, టికెట్టు, రైలు, వంతెన, మళ్లీ ఇల్లు అని వరుసగా బొమ్మలు గీసి వాడికి చూపించింది. క్రికెట్ మ్యాచి లేని రోజునే ఎంచుకున్నాం. మ్యాచి ఉంటే స్టేడియం స్టేషనులో మనలాంటివారికే ఊపిరాడదు.

ఉప్పల్‌లో దిగి చౌరస్తా మీది ఆకాశ వంతెనపై నడిచాం. కింద బస్సులు ఒక్కసారిగా హారన్లు మోగించాయి. మావాడు చెవులు మూసుకుని కూర్చుండిపోయాడు. నేను కంగారుగా వంగబోయాను. "ఆగండి తాతయ్యా, తగ్గిపోతుంది" అని ఆ అబ్బాయి రెండడుగుల దూరంలో తానూ కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు. కొంతసేపటికి ఇద్దరూ లేచారు.

తిరుగు రైలు కదిలింది. మా మనవడు కిటికీలోంచి చూస్తూ "తరువాతి స్టేషను..." అని ఆగిపోయాడు. మరిచిపోయాడేమో అనుకున్నాను. వాడు పక్కకు తిరిగి మిత్రుడి మోచేతిని తాకి, "నీ వంతు" అన్నాడు.

"స్టేడియం!" అన్నాడు ఆ అబ్బాయి.