బంతిపూల చుట్టరికం

రాయవరంలో పెద్దలను సంక్రాంతికి పిలుస్తారు. మెక్సికోలో నవంబరు మొదట్లో పిలుస్తారు. రెండుచోట్లా వాళ్లకు దారి చూపేది బంతిపూలే!

సంక్రాంతి ఉదయం. రాయవరంలో ఏ వీధిలోకి వెళ్లినా గుమ్మాలకు బంతిపూల తోరణాలు, ముగ్గుల మధ్య గొబ్బెమ్మలు, వాటి నెత్తిన గుమ్మడిపూలు. వంటింట్లోంచి గారెల ఘుమఘుమలు. హాల్లో గోడమీదున్న తాతయ్య ఫొటోను కిందికి దించి, తుడిచి, బొట్టుపెట్టి, దండ వేస్తారు. ఎదురుగా ఆయన పేరున కొత్త పంచెల చాపు, నానమ్మ పేరున ఓ చీర. అరిటాకులో వాళ్లకు ఇష్టమైనవన్నీ వడ్డించి, పక్కన గ్లాసుతో మంచినీళ్లు పెట్టి, సాంబ్రాణి పొగ వేస్తారు. పెద్దలు వచ్చి చూసుకుని వెళ్లారనుకున్నాక ఆ బట్టలను ఇంట్లోవాళ్లు కట్టుకుంటారు. పెద్దపండుగంటే పెద్దల పండుగే మరి!

అచ్చం ఇలాంటి ముచ్చటే భూగోళానికి అటువైపున ఇంకో దేశంలోనూ ఉంది. అదే మెక్సికో.

అక్కడా అదే వరస

ఏటా నవంబరు 1, 2 తేదీల్లో మెక్సికోలో పోయినవాళ్లు ఇళ్లకు వస్తారని నమ్మకం. మొదటిరోజు చిన్నతనంలోనే కన్నుమూసిన పిల్లల కోసం. రెండోరోజు పెద్దల కోసం. ఇంట్లో ఓ బల్లమీద బట్ట పరిచి, ఫొటోలు పెట్టి, దీపాలు వెలిగిస్తారు. దాన్ని 'ఒఫ్రెండా' అంటారు. అంత దూరం నడిచి వచ్చినవాళ్లకు దాహం వేస్తుందని గ్లాసుతో నీళ్లు పెడతారు. పిల్లలకైతే మిఠాయిలు, ఆటబొమ్మలు. సాంబ్రాణికి బదులు 'కోపాల్' అనే చెట్టు జిగురు పొగ. ఇక వీధి నుంచి ఇంట్లోదాకా బంతిపూల రేకులు చల్లుతారు. ఆ రంగూ వాసనా పట్టుకుని ఆత్మలు దారి తప్పకుండా వస్తాయట!

స్పెయిన్ సేనలు 1521లో అజ్‌టెక్ రాజధానిని పట్టుకున్నాక అక్కడి పాత ఆచారాలూ క్యాథలిక్కుల ఆత్మల దినమూ కలిసిపోయి ఈ పండుగ ఇప్పటి రూపానికి వచ్చింది. 2008లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. 2017లో వచ్చిన 'కోకో' యానిమేషన్ సినిమా కథంతా ఈ పండుగ చుట్టూ తిరిగేదే. అదే నవంబరు 2న మన గోదావరి జిల్లాల్లోనూ క్రైస్తవ కుటుంబాలు సమాధులను శుభ్రంచేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి.

వచ్చినవీ... వెళ్లినవీ

పండుగ ఒకేలా ఉండటం సరే. మరి ఆ బంతిపువ్వు ఎక్కడిది? దాని పుట్టిల్లు మెక్సికోనే! అజ్‌టెక్కుల భాషలో దాని పేరుకు అర్థం 'ఇరవై పువ్వు'. రేకులు లెక్కకు మించి ఉంటాయి కాబట్టి అలా పిలిచారు. పోర్చుగీసువాళ్లు మనదేశానికి వచ్చిన తరవాత ఓడలెక్కి వచ్చిన మొక్కల్లో ఇదీ ఒకటి. మిరప, మొక్కజొన్న, జామ, బొప్పాయి, చిలగడదుంప... అన్నీ ఆ ఖండం నుంచి వచ్చినవే. 'టమాటా' అన్న మాట కూడా అజ్‌టెక్కులదే. గొబ్బెమ్మ తలమీది గుమ్మడిపువ్వుదీ ఆ వంశమే. మెక్సికోలో ఆ పువ్వును రొట్టెల మధ్య పెట్టుకుని తింటారు. చనిపోయినవారి పండుగకు గుమ్మడికాయను బెల్లంపాకంలో ఉడికిస్తారు. ఆ బెల్లానికి మూలమైన చెరకు మాత్రం మన ఆసియా నుంచి వెళ్లిందే!

మామిడీ అంతే. 1565 నుంచి 1815 వరకూ ఫిలిప్పీన్స్‌కూ మెక్సికోకూ మధ్య తిరిగిన స్పెయిన్ ఓడల్లో అది పసిఫిక్ దాటింది. ఆ నావికులే కొబ్బరికల్లు తీసే విద్యనూ తీసుకెళ్లారు. అక్కడి కొలిమా రాష్ట్రంలో ఇప్పటికీ 'తూబా' పేరుతో కొబ్బరికల్లు అమ్ముతారు. కోనసీమవాళ్లు వింటే 'ఆయ్, మనదేనండీ' అంటారు! మామిడికాయ ముక్కలకు ఉప్పూకారం అద్దుకు తినడం అక్కడి పిల్లలకూ సరదానే. పనసాకు బుట్టల్లో ఉడికే మన పొట్టిక్కల్లాగే, మొక్కజొన్న పిండిని కండెపొట్టులోనో అరిటాకులోనో చుట్టి ఆవిరిమీద ఉడికించే 'తమాలే' అక్కడి పండుగ వంటకం.

మర్యాదల్లోనూ పోలికే. ఎవరైనా తింటూ కనిపిస్తే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా 'తృప్తిగా తినండి' అనే అర్థంలో ఓ మాట అనిగానీ దాటిపోరు. పెద్దవాళ్లను 'మీరు' అని మన్నించడం చాలా ఇళ్లల్లో ఉంది. బిడ్డకు జ్ఞానస్నానం చేయించేటప్పుడు పక్కన నిలబడిన స్నేహితుడు ఆనాటి నుంచి చుట్టమైపోతాడు. వియ్యంకుడికి ఇచ్చినంత విలువ!

తేడా ఒక్కటే

మనం పెద్దలకు పెట్టేటప్పుడు గొంతు తగ్గిస్తాం. దండం పెట్టుకుని లేచిపోతాం. వాళ్లు మాత్రం కబుర్లు చెప్పుకుంటారు. పంచదారతో పుర్రెబొమ్మలు చేసుకుని నవ్వుకుంటారు. సమాధుల దగ్గర రాత్రంతా కూర్చుని, తాత ఎలా కోప్పడేవాడో, అమ్మమ్మ పాట ఎలా తప్పు పాడేదో పిల్లలకు చెబుతారు. పేరు పలికేవాళ్లున్నంతకాలం మనిషి పూర్తిగా పోనట్టేనని వాళ్ల భావన.

రాయవరం చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పుడు చాలా ఇళ్లకు పిల్లలు హైదరాబాద్ నుంచో అమెరికా నుంచో పండక్కి వస్తారు. రాలేనివాళ్లు వీడియోకాల్‌లో దండం పెట్టుకుంటారు. ఫొటోలోని ముసలాయన ఎవరో వాళ్ల పిల్లలకు తెలియదు. బట్టలు పెట్టడం ఆచారంగా మిగిలింది కానీ, ఎవరి కోసమో చెప్పే మాట మిగల్లేదు. తాతయ్యకు గారెల్లోకి బెల్లంపాకం ఇష్టమో, కోడిపులుసు ఇష్టమో చెప్పగలిగినవాళ్లు ఇంటికి ఒక్కరైనా ఉన్నారా? ఉంటే, ఆకులో వడ్డించే ముందు ఆ కబురు పిల్లల చెవిన వేయాల్సింది వాళ్లే.

పండుగ వెళ్లాక గుమ్మానికున్న తోరణం ఎండిపోతుంది. పాతకాలపు ఇల్లాలు దాన్ని పారేయదు. రేకులు నలిపి, కింద నల్లగా సన్నగా ఉండే గింజలను పెరట్లో చల్లుతుంది. వచ్చే పండుగకు పువ్వు అందులోంచే వస్తుంది. పెద్దల కబుర్లూ అంతే... చల్లితేనే మొలుస్తాయి!