ఊ కొట్టడం

ఈసారి నేను నేర్చుకున్న మాట "ఊ కొట్టడం". చిన్నప్పుడు మా అమ్మమ్మ కథ చెప్తూ మధ్యలో ఆగి, "ఊ కొట్టవేమే?" అనేది. నేను ఊ అంటేనే కథ ముందుకి వెళ్ళేది. ఆ మాట ఇన్నేళ్ళకి మళ్ళీ ఎలా దొరికిందో చెప్తాను.

నేను జంషెడ్‌పూర్‌లో పెరిగాను. బళ్ళో ఇంగ్లీషు, వీధిలో హిందీ, ఇంట్లో వంటింటి తెలుగు. చదవడం, రాయడం రిటైర్ అయ్యాకే నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి. ఇప్పుడు షికాగో దగ్గర ఉంటున్నాను. శనివారాలు గుడి వంటింట్లో సేవ చేస్తాను.

పోయిన చలికాలం ఒక పెద్దావిడ మాతో కూరలు తరగడానికి వచ్చేవారు. ఇండియా నుంచి కొడుకు దగ్గరికి వచ్చారు. భర్త పోయి ఇంకా ఏడాది కాలేదు. ఒకరోజు బీన్స్ తరుగుతూ, "ఇక్కడ నాకే లోటూ లేదమ్మా. కానీ పొద్దు పోదు" అన్నారు.

నేను వెంటనే అందుకున్నాను. "రోజూ వాకింగ్ చెయ్యండి పిన్నిగారూ. మంగళవారం భజనకి రండి. లైబ్రరీలో ఇంగ్లీషు క్లాసు ఉంది, ఫ్రీ."

ఆవిడ "సరేనమ్మా" అన్నారు. ఆ రోజు ఇంకేమీ మాట్లాడలేదు. నేను మంచి సలహా ఇచ్చాననుకుని ఇంటికి వచ్చేశాను.

ఆ వారమే లైబ్రరీలో కార్ల్ రోజర్స్ 1961లో రాసిన "ఆన్ బికమింగ్ ఎ పర్సన్" అనే పుస్తకం తీసుకున్నాను. ఆయన పేరున్న థెరపిస్టు. 1902లో ఇక్కడికి దగ్గర్లోనే, ఓక్ పార్క్‌లో పుట్టారు. వాళ్ళది కట్టుబాట్లున్న ఇల్లు. డాన్సు లేదు, పేకాట లేదు, నాటకాలు లేవు. ప్రేమ ఉంది కానీ మనసులో మాట చెప్పుకునే అలవాటు లేదు. కాలేజీలో మొదట వ్యవసాయం చదివారు. తర్వాత పాస్టర్ అవుదామని న్యూయార్క్‌లో సెమినరీలో చేరారు. రెండేళ్ళకి అదీ వదిలేసి సైకాలజీకి మారారు. ఫలానాదే నమ్మాలి అని చెప్పే ఉద్యోగం ఆయనకి పడలేదు.

తర్వాత రాచెస్టర్‌లో 12 ఏళ్ళు పిల్లల సమస్యలు చూశారు. అక్కడ జరిగిన ఒక సంగతి రాశారు. అల్లరి పిల్లవాడి తల్లి ఒకావిడ వచ్చేది. తప్పు తల్లిదే అని రోజర్స్‌కి అనిపించింది. అది ఆవిడకి అర్థమయ్యేలా చెప్పాలని చాలాసార్లు ప్రయత్నించారు. కుదరలేదు. ఇంక ఆపేద్దాం అనుకున్నారు ఇద్దరూ. ఆవిడ తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ఇక్కడ పెద్దవాళ్ళని కూడా చూస్తారా అని అడిగింది. చూస్తామన్నారు. ఆవిడ మళ్ళీ కుర్చీలో కూర్చుని, తన కాపురంలో కష్టాలన్నీ చెప్పడం మొదలుపెట్టింది. ఆయన విన్నారు. బాధ ఎక్కడుందో బాధపడేవాళ్ళకే తెలుసు అని ఆయనకి అప్పుడు అర్థమైంది.

తన దగ్గరికి వచ్చేవాళ్ళని ఆయన "పేషెంట్" అనలేదు, "క్లయింట్" అన్నారు. ఆయన పద్ధతిలో ముఖ్యమైనవి మూడు. నటించకుండా ఉండడం. షరతులు పెట్టకుండా గౌరవించడం. అవతలివాళ్ళ వైపు నుంచి చూడడం. ఆయన ఒకావిడతో మాట్లాడుతున్న పాత ఫిల్మ్ కూడా చూశాను. "మ్‌హూఁ" అంటూ వింటారు. విన్నది సరిగ్గా అర్థమైందా అని తిరిగి చెప్పి చూసుకుంటారు. నాకు నవ్వొచ్చింది. ఇది మా అమ్మమ్మ అడిగిన ఊ కదా! నేను నిద్రలో ఊ అంటే ఆవిడకి కూడా తెలిసిపోయేది.

తర్వాతి శనివారం పిన్నిగారు దోసకాయలు తరుగుతున్నారు. "మా ఆయనకి దోసకాయ పప్పంటే ప్రాణం" అన్నారు. నా నోటి దాకా ఒక సలహా వచ్చింది. మింగేశాను. "ఊ. దోసకాయ పప్పంటే ప్రాణం" అన్నాను. నిజం చెప్పాలంటే అంతకంటే మంచి తెలుగు అప్పటికి నాకు తట్టలేదు.

ఆవిడ కత్తి కింద పెట్టారు. ఊళ్ళో ఇల్లు అమ్మేశారని చెప్పారు. పెరట్లో సన్నజాజి పందిరి ఆయన వేసిందే. "అమ్మాలా వద్దా అని నన్నొక్కమాట అడగలేదమ్మా" అన్నారు.

"అడగలేదు" అన్నాను నేను.

చాలాసేపు ఏడ్చారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, మిగిలిన దోసకాయలన్నీ తరిగారు. ముందు వారం నేను చెప్పిన వాకింగుకీ ఆ ఇంటికీ ఏం సంబంధం? నేను అడగనే లేదు, ఆ కొడుకులాగే.

నేను థెరపిస్టుని కాను. ఎవరైనా బతకాలని లేదు అంటే ఊ కొట్టి ఊరుకోకూడదు. అమెరికాలో 988కి ఫోన్ చెయ్యాలి. కానీ మిగతా రోజుల్లో, మన తెలుగు చాలదని పెద్దవాళ్ళ దగ్గర కూర్చోవడం మానెయ్యకండి. వాళ్ళ మాటే వాళ్ళకి తిరిగి చెప్పడానికి మనకొచ్చిన తెలుగు సరిపోతుంది.

పిన్నిగారు వేసవిలో ఇండియా వెళ్ళిపోయారు. కొడుకుతో ఆ మాట చెప్పారో లేదో నాకు తెలీదు. వెళ్ళే ముందు నాకు దోసకాయ పప్పు నేర్పారు. ఆవిడ చెప్తుంటే నేను తెలుగులోనే రాసుకున్నాను.