గిన్నె మీద కొట్టించినట్టే... టోపీ మీద కుట్టించాం!

ఖాట్మండు అనగానే మనవాళ్ళకి ముందుగా గుర్తొచ్చేది పశుపతినాథుడు, ఆ తర్వాత రుద్రాక్షలు. కానీ ఆ ఊళ్ళో థమేల్ అనే పేట ఒకటుంది. అక్కడి కుట్టుపని చూడకుండా వచ్చేస్తే, సూదీ దారం పట్టుకున్న మనలాంటివాళ్ళం ఓ మంచి వేడుక పోగొట్టుకున్నట్టే!

2023 కార్తీకమాసంలో మేము పన్నెండుమందిమి ముక్తినాథ్, పశుపతినాథ్ యాత్ర చేశాం. తిరుగు ప్రయాణానికి ముందు ఒక సాయంత్రం ఖాళీ దొరికింది. మేము దిగిన హోటల్‌కి థమేల్ నాలుగడుగుల దూరం. అన్నీ సన్నటి సందులు. రెండువైపులా కొండలెక్కేవాళ్ళకి కావలసిన కోట్లు, బూట్లు, వీపున వేసుకునే సంచులు, ఉన్ని శాలువాలు వేలాడుతుంటాయి. వాటి మధ్య టకటకమని కుట్టుమిషన్ల చప్పుడు.

ముందు చూరులా అంచు ఉండే టోపీలు మన పిల్లలు పెట్టుకుంటారే, బేస్‌బాల్ టోపీలు, అవే అక్కడ గుట్టలుగా ఉంటాయి. కొండల్లో నడిచి వచ్చినవాళ్ళు తాము వెళ్ళిన దారి పేరు టోపీ మీదో, చొక్కా మీదో గుర్తుగా కుట్టించుకోవడం అక్కడి ఆనవాయితీ. స్వయంభూనాథ్ స్తూపం మీది బుద్ధుడి కళ్ళు కూడా కుడతారు. ఆ కళ్ళ మధ్య ముక్కులా కనిపించేది నిజానికి నేపాలీ 'ఒకటి' అంకెట! ఎవరెస్టు ఎత్తు కుట్టిన టోపీలూ ఉన్నాయి. 1955లో మన భారత సర్వేవాళ్ళు తేల్చిన 8848 మీటర్లే చాలాకాలం లెక్క. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి 8848.86 అని ప్రకటించాయి. ఆ కాస్త పెరుగుదలకీ దారం ఖర్చేగా!

కుట్టే పద్ధతి చూసి తీరాలి. మిషన్‌కి బట్టని అదిమే పాదం ఉండదు. గుండ్రటి ఫ్రేములో బిగించిన గుడ్డని రెండు చేతులతో అటూ ఇటూ తిప్పుతుంటే సూది కింద బొమ్మ పుట్టుకొస్తుంది. మోకాలితో ఒక మీట నొక్కితే కుట్టు వెడల్పవుతుంది, వదిలితే సన్నబడుతుంది. టోపీ అయితే మరీ కష్టం. ముందుభాగం లోపల గట్టి బక్రం ఉంటుంది, పైగా వంపు. దాన్ని చదునుగా అదిమి పట్టుకుని కుట్టాలి. కంప్యూటర్ మిషన్లు నూరు టోపీలు ఒకేలా కుట్టిపెడతాయి. ఒక్క టోపీ మీద ఒక్క పేరు కావాలంటే మాత్రం చేతి పనివాడే దిక్కు.

మావాళ్ళంతా కొడుకులకీ, అల్లుళ్ళకీ, మనవలకీ పేర్లు చెప్పేస్తున్నారు. అరవై రెండేళ్ళ మా వదినగారు కూడా మనవడి పేరు చెప్పింది. కుట్టే అబ్బాయి ఊరికే, "మరి మీకో, దిదీ?" అన్నాడు హిందీలో. ఆవిడ నవ్వేసి నాతో అంది: "మా ఇంట్లో అటక నిండా సామానే. బిందె మీద మా నాన్న పేరు, గంగాళం మీద మామగారి పేరు, కంచాల మీద మీ అన్నయ్యగారి పేరు. తోమింది నేనేగానీ నా పేరు గరిట మీద కూడా కొట్టించలేదు ఎవరూ."

నేను కాగితం, పెన్ను చేతికిచ్చాను. ఆవిడ తన పేరు నిదానంగా తెలుగులో రాసింది. నాలుగక్షరాలు, మధ్యలో ఒక వత్తు. ఆ అబ్బాయి కాగితం అటూ ఇటూ తిప్పి "పైనేది, కిందేది?" అని అడిగాడు. ఈవిడ బాణం గుర్తు వేసి చూపించింది. తెలియని భాషని ముగ్గులా చూసి చూసి, వత్తుతో సహా కుట్టేశాడు మహానుభావుడు! టోపీ, కుట్టు కలిపి 500 నేపాలీ రూపాయలు. మన వంద వాళ్ళకి 160 కాబట్టి మూడొందల పన్నెండున్నర అన్నమాట.

ఇంటికొచ్చాక మనవడు రెండు టోపీలూ తనకే కావాలన్నాడు. ఏనాడూ వాడికి కాదనని మనిషి, "అది నాదిరా" అంది. రోజూ పొద్దున్న నడకకి అదే పెట్టుకుని వెళ్తోంది.

మీరూ కుట్టించుకుంటే కొన్ని విషయాలు గుర్తుంచుకోండి. పేరు పెద్దగా, విడివిడి అక్షరాలతో కాగితం మీద రాసివ్వండి. తెలుగు అక్షరం అర అంగుళమైనా ఉండాలి, లేకపోతే సున్నాలూ గుడులూ దారంతో పూడిపోతాయి. కింద వత్తుకి చోటు వదలమనండి. ముందుభాగం మధ్యలో అతుకు లేని టోపీ అయితే అక్షరాలు వంకరపోవు. ఎర్రదారం వాడితే, ముందు తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడండి.

ఇంట్లోనే చేతితో కుట్టుకోవాలంటే కాడకుట్టుగానీ గొలుసుకుట్టుగానీ చాలు. బక్రం గట్టిగా ఉంటుంది కాబట్టి లావు సూది, వేలికి తొడుగు తప్పనిసరి. మధ్య అక్షరంతో మొదలుపెట్టి రెండువైపులా వెళ్ళండి, పేరు సరిగ్గా నడుమకి వస్తుంది. ఉతికేటప్పుడు చన్నీళ్ళలో చేత్తోనే ఉతికి, పిండకుండా, బోర్లించిన గిన్నె మీద తొడిగి నీడన ఆరేయండి. ఆ గిన్నె మీద ఎవరి పేరున్నా ఫరవాలేదు!